రూల్స్ ముందు, కాన్వాస్ తర్వాత: పోర్ట్రెయిట్, ఫిగరేటివ్ పోటీలకు బొమ్మ పంపేవాళ్లకు

మనుషుల్ని, కంటికి కనబడే లోకాన్ని ఆనవాలు పట్టేలా గీసే బొమ్మలకే ప్రత్యేకంగా కొన్ని అంతర్జాతీయ పోటీలున్నాయి. ఇన్‌స్టలేషన్లు, వీడియో ఆర్టుతో పోటీపడే అవసరం లేకుండా పోర్ట్రెయిట్లు, ఫిగర్లు వేసేవాళ్లు తమ పనిని తమలాంటివాళ్ల పక్కన పెట్టి చూపించుకునే చోటు అది. మన దగ్గర నుంచి పంపేవాళ్లు సాధారణంగా ముందు బొమ్మ పూర్తి చేస్తారు, తర్వాత అది ఏ పోటీకి సరిపోతుందా అని వెతుకుతారు. చిక్కంతా అక్కడే. కొలత, ఏ రంగులతో దేనిమీద వేశారు, ఎప్పుడు పూర్తయింది, మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి వేశారా, ఫోటో చూసి వేస్తే ఆ ఫోటో ఎవరిది అన్నవి బొమ్మ అయిపోయాక మార్చలేం. మంచి బొమ్మ కూడా జ్యూరీ కంటపడకముందే బయటికి పోయేది వీటివల్లే.

రూల్‌బుక్‌లో ఒక్క మాట ఎంత దూరం పోతుందో తెలియాలంటే ఆస్ట్రేలియాలోని ఆర్చిబాల్డ్ ప్రైజ్ చరిత్ర చూడాలి. జె.ఎఫ్. ఆర్చిబాల్డ్ అనే పత్రికా సంపాదకుడు వీలునామాలో రాసిపెట్టిన సొమ్ముతో 1921లో మొదలైంది. సిడ్నీలోని ఆర్ట్ గ్యాలరీ ఆఫ్ న్యూ సౌత్ వేల్స్ ట్రస్టీలు విజేతను ఎన్నుకుంటారు. బహుమతి ఇప్పుడు లక్ష ఆస్ట్రేలియా డాలర్లు. షరతులు పైకి చిన్నవే. అది పోర్ట్రెయిట్ అయ్యుండాలి, పెయింటింగ్ అయ్యుండాలి. కళలు, సాహిత్యం, సైన్సు, రాజకీయాల్లో పేరున్న మనిషిదైతే మేలు. ఆ మనిషి ఆర్టిస్టు ఎదుట కనీసం ఒక్కసారైనా కూర్చుని ఉండాలి. ఆర్టిస్టు ఏడాదిగా ఆస్ట్రేలియాలోనో న్యూజిలాండ్‌లోనో నివసిస్తూ ఉండాలి. సిడ్నీ, మెల్‌బోర్న్, ఆక్లాండ్‌లలో స్థిరపడ్డ తెలుగు ఆర్టిస్టులకూ ఈ తలుపు తెరిచే ఉందన్నమాట. ఈ షరతుల్లో మూడింటి మీద మూడు పెద్ద గొడవలు జరిగాయి.

మొదటిది ‘పోర్ట్రెయిట్’ మీద. 1943 ప్రైజ్‌ను విలియం డోబెల్ తన తోటి ఆర్టిస్టు జాషువా స్మిత్‌ను చూసి వేసిన బొమ్మకు ఇచ్చారు. అందులో మెడ సాగదీసినట్టు ఉంటుంది, చేతులు మరీ పొడుగు, మనిషి ఎండిపోయిన కట్టెలా కనిపిస్తాడు. ఇది పోర్ట్రెయిట్ కాదు, క్యారికేచర్ అంటూ ఇద్దరు ఆర్టిస్టులు కోర్టుకెక్కారు. 1944లో న్యూ సౌత్ వేల్స్ సుప్రీంకోర్టులో విచారణ జరిగింది. పోలిక ఉన్నంతవరకు, ఎక్కువ చేసి గీసినంత మాత్రాన పోర్ట్రెయిట్ కాకుండా పోదని జడ్జి దావా కొట్టేశారు. డోబెల్ 1948లో మళ్లీ ఆర్చిబాల్డ్ గెలిచాడు, అదే ఏడాది ల్యాండ్‌స్కేప్‌కు ఇచ్చే విన్ ప్రైజ్ కూడా ఆయనకే వచ్చింది.

రెండోది ‘ఎదుట కూర్చోవడం’ మీద. 1975 ప్రైజ్‌కు సినిమా దర్శకుడు టిమ్ బర్‌స్టాల్ బొమ్మ వేసిన జాన్ బ్లూమ్‌ఫీల్డ్‌ను ఎంపిక చేశారు. ఆయన దాన్ని ఒక పత్రికలో వచ్చిన ఫోటో చూసి పెద్దదిగా వేశాడని, బర్‌స్టాల్‌ను అసలు కలవనే లేదని తేలింది. ప్రైజ్ వెనక్కి తీసుకుని కెవిన్ కానర్‌కు ఇచ్చారు. బొమ్మ బాగాలేదని ఎవరూ అనలేదు, రూల్ తప్పిందన్నారు, అంతే. మూడోది ‘పెయింటింగ్’ మీద. 2004లో క్రెయిగ్ రడ్డీ నటుడు డేవిడ్ గల్పిలిల్ ముఖాన్ని ఎక్కువగా బొగ్గుతో గీసి గెలిచాడు. ఇది డ్రాయింగ్ కదా, పెయింటింగ్ ఎలా అవుతుందని మరో ఆర్టిస్టు కేసు వేశాడు. 2006లో ఆ దావా కూడా కోర్టు కొట్టేసింది. కానీ ‘వాళ్లు గెలిచారుగా’ అని ధైర్యం చేయకండి. కోర్టు దాకా వెళ్లే ఓపికా డబ్బూ మనకెక్కడివి? ఫారంలో ‘పెయింటింగ్’ అని ఉంటే, చూడగానే ఎవరైనా పెయింటింగ్ అనేలా ఉన్నదే పంపడం మంచిది.

ఇక్కడో చిన్న విషయం. ఆర్చిబాల్డ్‌లో బొమ్మల్ని దించుకుని, విప్పి, గోడకెక్కించే సిబ్బంది కూడా తమకు నచ్చినదానికి ‘ప్యాకింగ్ రూమ్ ప్రైజ్’ ఇస్తారు. 2025 దాకా ఆ ప్రైజ్ వచ్చిన బొమ్మకు అసలు ప్రైజ్ రాలేదు.

ఇక మిగతా పోటీల్లో ఏది ఎవరికి పనికొస్తుందో చూద్దాం. అన్నీ ఒకే రకం రియలిజాన్ని కోరవు, ఇది తెలియకే చాలా ఫీజులు నీళ్లపాలవుతాయి. 1999లో ఫ్రెడ్ రాస్ అమెరికాలో ఆర్ట్ రెన్యూవల్ సెంటర్ పెట్టాడు. అది నడిపే ఏఆర్‌సీ సలోన్ అనే పోటీకి ఏ దేశం నుంచైనా పంపొచ్చు. ఫిగరేటివ్, పోర్ట్రెయిట్, స్టిల్ లైఫ్, ల్యాండ్‌స్కేప్, డ్రాయింగ్, శిల్పం, ఊహాలోకపు రియలిజం, పూర్తిగా ఎదురుగా చూసి వేసినవి అంటూ విభాగాలు చాలా ఉంటాయి. ఆ సంస్థకు ఆరాధ్యుడు 19వ శతాబ్దపు ఫ్రెంచ్ చిత్రకారుడు బుగెరో. కాబట్టి అక్కడ శరీర నిర్మాణం, కొలతలు, ఒంటి రంగులో మెత్తటి మార్పులు, ఫినిషింగ్ ముందు చూస్తారు. తోట వైకుంఠం గారి తెలంగాణ స్త్రీలు, లక్ష్మాగౌడ్ గారి పల్లె మనుషులు నూటికి నూరుపాళ్లు ఫిగరేటివే. కానీ ఆ దారిలో గీసే కుర్రవాళ్లు ఏఆర్‌సీకి ఫీజు కడితే దండగ అని నా అభిప్రాయం. వాళ్లకు ఫిగరేటివ్ పనిని విశాలంగా చూసే పోటీలు కావాలి. బార్సిలోనాలోని మీమ్ మ్యూజియంతో ముడిపడ్డ ‘ఫిగరేటివాస్’ ఒకటుంది. అక్కడ చేయితిరిగిన అకడమిక్ (పాత ఐరోపా కళాశాలల పద్ధతి) పనికి బలమైన చోటు ఉన్నా, ఇప్పటి కాలపు చూపుకూ చోటుంటుంది.

లండన్ నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీ పోటీ 1980లో మొదలై, తర్వాత మూడు దశాబ్దాలు బీపీ పోర్ట్రెయిట్ అవార్డు పేరుతో నడిచింది. 2024లో హెర్బర్ట్ స్మిత్ ఫ్రీహిల్స్ (2025 నుంచి హెర్బర్ట్ స్మిత్ ఫ్రీహిల్స్ క్రేమర్) అనే లా కంపెనీ పేరుతో మళ్లీ వచ్చింది. మొదటి బహుమతి 35 వేల పౌండ్లు. ఒకప్పుడు 40 ఏళ్లలోపు వాళ్లకే, 2007 నుంచి 18 నిండిన ఎవరికైనా అన్నారు. బీపీ కాలంలో ఆయిల్, టెంపరా (గుడ్డు సొన లాంటి వాటితో కలిపే రంగు), యాక్రిలిక్‌లే ఒప్పుకునేవారు. నీటిరంగులు, పేస్టెళ్లు, కాగితం మీద పని వద్దనేవారు. వాటర్‌కలర్లో చెయ్యి తిరిగినవాళ్లు మన దగ్గర ఎక్కువ కాబట్టి ఈ ముక్క చెప్పాల్సి వస్తోంది. పంపే ఏడాది రూల్స్‌లో మాధ్యమం పేరా తప్పక చూడండి.

అమెరికాలో ఉన్నవాళ్లకు రెండు మంచి పోటీలున్నాయి. వాషింగ్టన్‌లోని నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీ మూడేళ్లకోసారి ఔట్‌విన్ బూచెవర్ పోటీ పెడుతుంది. మొదటిది 2006లో జరిగింది. 2016లో గెలిచిన ఏమీ షెరాల్డ్‌ చేతనే మిషెల్ ఒబామా తన అధికారిక పోర్ట్రెయిట్ వేయించుకున్నారు. రెండోది బెన్నెట్ ప్రైజ్. ఇది ఫిగరేటివ్ రియలిజంలో పనిచేసే మహిళలకు మాత్రమే. మిషిగన్‌లోని మస్కెగన్ మ్యూజియం ఆఫ్ ఆర్ట్‌తో కలిసి నడుస్తుంది. 50 వేల డాలర్లను ఏడాదికి 25 వేల చొప్పున రెండేళ్లు ఇస్తారు, ఆ సమయంలో సోలో షోకు బొమ్మలు తయారు చేసుకోవాలి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఇంట్లో ఈజిల్ పెట్టుకుని పనిచేస్తున్న మన ఆడపిల్లలు దీన్ని చూడాలి. 1998లో పుట్టిన పోర్ట్రెయిట్ సొసైటీ ఆఫ్ అమెరికా పోటీకి మాత్రం బయటి దేశాలవాళ్లూ పంపొచ్చు.

భారతదేశంలో రియలిజానికి మాత్రమే అని గిరి గీసుకున్న పెద్ద జాతీయ పోటీ లేదు. లలిత కళా అకాడమీ జాతీయ ప్రదర్శన అన్ని పద్ధతులకూ కలిపే. 1888లో మొదలైన బాంబే ఆర్ట్ సొసైటీ వార్షిక ప్రదర్శనకు అకడమిక్ పోర్ట్రెయిట్‌తో పాత బంధం ఉంది. అమృతా షేర్‌గిల్ ‘ముగ్గురు అమ్మాయిలు’ బొమ్మకు 1937లో బంగారు పతకం అక్కడే వచ్చింది. మన క్యాలెండర్ లక్ష్మీ సరస్వతుల వెనకున్న రాజా రవివర్మకు కూడా పేరు తెచ్చింది పోటీయే. 1873లో మద్రాసు ప్రదర్శనలో గవర్నర్ బంగారు పతకం, అదే ఏడాది వియన్నాలో బహుమతి. జడ సింగారించుకుంటున్న నాయర్ స్త్రీ ఆ బొమ్మలో ఉంది. దేవుళ్ల బొమ్మలు ఇంటింటికీ చేరడం ఆ తర్వాతి మాట.

ఎదుట కూర్చోబెట్టి వేయడం

‘ఫ్రమ్ లైఫ్’, అంటే మనిషిని ఎదుట చూసే వేయాలి, అని రూల్ ఉన్న చోట తప్పించుకోలేం. లేని చోట కూడా ఫోటో చూసి వేసిన బొమ్మను జ్యూరీ ఇట్టే పసిగడుతుంది. ఫోన్‌తో రెండడుగుల దూరం నుంచి తీసిన ముఖంలో ముక్కు పెద్దదవుతుంది, చెవులు వెనక్కి పోతాయి. నీడలన్నీ ఒకే నలుపు, అంచులన్నీ ఒకే పదును. ఈ నాలుగూ బొమ్మలోకి దిగితే మీరు చెప్పక్కర్లేదు. ఫోటో తీయక తప్పకపోతే రెండు, రెండున్నర మీటర్ల దూరంలో నిలబడి జూమ్ చేసి తీయండి. నీడల కోసం ఒకటి, వెలుగుల కోసం ఒకటి విడిగా తీసుకోండి. నెట్‌లో దొరికిన ఫోటో మాత్రం వద్దు. వేరే ఫోటోగ్రాఫర్ ఫోటో అని తేలితే ప్రైజ్ ఇచ్చాక కూడా వెనక్కి పోవచ్చు.

సిట్టింగ్‌కు రెండు గంటలు చాలు. ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి ఐదు నిమిషాలు విడిచిపెట్టండి. కుర్చీ కాళ్లకు, మనిషి పాదాలకు, చెయ్యి ఆనే చోటుకు నేలమీద, కుర్చీ చేతిమీద టేపు ముక్కలు అంటించండి. గోడమీద కూడా ఒక గుర్తు పెట్టి, ఆ మనిషి కళ్లు దానిమీదే ఉండమనాలి. లేకపోతే ప్రతి విరామం తర్వాత తల ఒక పక్కకు వాలిపోతుంది. ఎదురయ్యే పెద్ద పొరపాటు ఇంకొకటి ఉంది. కూర్చున్న మొదటి పావుగంటలో ఎవరైనా నిటారుగా ఉంటారు, ఆ తర్వాత నడుము వదిలేస్తారు, భుజాలు రెండు మూడు సెంటీమీటర్లు దిగుతాయి. మొదటి భంగిమ చూసి మెడ గీసేస్తే, మధ్యాహ్నానికి తలకీ భుజానికీ లెక్క కుదరదు. అందుకని మొదటి పావుగంట పెద్ద ఆకారం మాత్రం బొగ్గుతో గుర్తు పెట్టుకుని, మనిషి కాస్త సర్దుకున్నాక భుజాల గీత ఖాయం చేయాలి.

మన దగ్గర కిటికీ వెలుగు ఉత్తరం నుంచి వస్తే రోజంతా పెద్దగా మారదు. తూర్పు కిటికీ అయితే గంటన్నరకే నీడ మారుతుంది, కాబట్టి రోజూ అదే వేళకు కూర్చోబెట్టాలి. పైన ట్యూబ్‌లైట్ ఆర్పేయండి. రెండు రంగుల వెలుగు ముఖం మీద పడితే బుగ్గలు ఒక పక్క ఆకుపచ్చ, ఒక పక్క నారింజ అవుతాయి.

ఒంటి రంగు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన బొమ్మలు ఎక్కువగా దెబ్బతినేది అక్కడే. ‘ఫ్లెష్ టింట్’ పేరుతో అమ్మే ట్యూబు గులాబీ ఒళ్లకు కలిపిన రంగు. చామనఛాయ, నలుపు ఒళ్లకు అది పనికిరాదు. బర్న్ట్ సియన్నా, ఎల్లో ఓకర్, అల్ట్రామెరీన్ బ్లూ, ఒక ఎరుపు ఉంటే చాలు. నీడలు బర్న్ట్ సియన్నాలో అల్ట్రామెరీన్ కలిపితే వస్తాయి. ఆ రెండింటి పాళ్లు మారిస్తే నీడ వెచ్చగానో చల్లగానో అవుతుంది. నల్లటి ట్యూబు నేరుగా వేస్తే నీడ గోడకు పడ్డ మసిలా చచ్చిపోతుంది. వెలుగు దగ్గర ఇంకో తప్పు జరుగుతుంది. ముదురు ఒంటిమీద మెరుపు అనేది చర్మం రంగుకు తెలుపు కలిపితే రాదు. అది కిటికీలోంచి వచ్చే ఆకాశం రంగు, కొంచెం నీలం కలిసినది. తెలుపు ఒక్కటే కలుపుకుంటూ పోతే ముఖానికి సున్నం కొట్టినట్టవుతుంది, జ్యూరీలో ఎవరైనా మొదట పట్టుకునేది అదే. మెరుపుకు పక్కనున్న మధ్య రంగును కాస్త ముదురుగా, రంగు నిండుగా ఉంచితే చిన్న చుక్క మెరుపు సరిపోతుంది.

పని సగంలో ఉండగానే ఫోన్‌లో ఫోటో తీసి నలుపు తెలుపుల్లోకి మార్చి, బొటనవేలి గోరంత చేసి చూడండి. తెర మీద మొదటి వడపోతలో జ్యూరీకి కనబడేది దాదాపు అంతే. అంత చిన్నదానిలో ముఖం ఎటు చూస్తోంది, వెలుగు ఎక్కడుంది తెలియకపోతే, కనురెప్పల వెంట్రుకలు ఎంత చక్కగా గీసినా రెండో రౌండ్ దాకా రాదు.

బొమ్మను ఫోటో తీయడం

మొదటి దశలో దాదాపు అన్ని పోటీలూ అడిగేది డిజిటల్ ఫోటోనే. అంటే మీ బొమ్మ కాదు, మీ బొమ్మ ఫోటో పోటీలో ఉందన్నమాట. ముందు బొమ్మను సిద్ధం చేయాలి. ఆయిల్‌లో అంబర్ అనే మట్టి గోధుమ రంగు వేసిన చోట, కాన్వాస్ ఎక్కువగా పీల్చుకున్న చోట నూనె లోపలికి ఇంకిపోయి మాసిన మచ్చలు వస్తాయి. ఫోటోలో అవి బూడిద రంగులో తేలతాయి. రంగు చేతికి అంటకుండా ఆరాక లిన్‌సీడ్ నూనెను సాల్వెంట్‌తో పల్చన చేసి, నూలు గుడ్డతో ఆ చోటే రాసి, పది నిమిషాలకు పూర్తిగా తుడిచేయాలి. రీటచ్ వార్నిష్ (మధ్యలో వేసే పల్చటి వార్నిష్) అయినా సరే. ఫైనల్ వార్నిష్ మాత్రం తొందరపడి వేయకండి. మందంగా వేసిన ఆయిల్‌కు ఆరు నెలల నుంచి ఏడాది టైమివ్వాలి, లేకపోతే కింద రంగు కదులుతూ పైన పొర పగులుతుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరం ఊళ్లలో వానాకాలం ఆయిల్ ఆరడం ఇంకా నెమ్మది, కాన్వాస్ వెనక బూజు కూడా పడుతుంది. పోటీ గడువు చలికాలంలో ఉంటే బొమ్మ మే నెలకల్లా అయిపోయేలా చూసుకుంటే హాయి.

వెలుగు రెండు వైపుల నుంచి 45 డిగ్రీల కోణంలో రావాలి. రెండు లైట్లూ ఒకే రకం, బొమ్మ వెడల్పుకు కనీసం రెండింతల దూరంలో. తెల్ల కాగితం నాలుగు మూలలా పెట్టి ఫోటో తీసి చూస్తే ఏ మూల చీకటిగా ఉందో తెలుస్తుంది. లైట్లు లేకపోతే మబ్బు పట్టిన రోజు ఆరుబయట నీడలో తీయొచ్చు. అయితే పక్కన వేపచెట్టు, నీలం టార్పాలిన్, రంగు గోడ ఉంటే ఆ రంగు బొమ్మ మీద వాలుతుంది. అలాంటి చోట వద్దు. కెమెరా బొమ్మకు సమాంతరంగా ఉందో లేదో చూడ్డానికి ఒక చిట్కా. బొమ్మ మధ్యలో చిన్న అద్దం ఆనించి కెమెరాలోంచి చూడండి. అద్దంలో లెన్స్ సరిగ్గా నడుమ కనిపిస్తే సరే, లేకపోతే బొమ్మ ట్రెపీజియంలా వస్తుంది. ఫోన్‌తో అయితే మామూలు లెన్స్ కంటే రెండింతల జూమ్ లెన్స్ వాడి వెనక్కి జరగాలి. కెమెరాతో అయితే 50 ఎంఎం లేదా అంతకు మించిన లెన్స్, ఎఫ్ 8, ఐఎస్‌ఓ 100, ట్రైపాడ్, రెండు సెకన్ల టైమర్, రా (కెమెరా కుదించని అసలు) ఫైల్.

ఆటో ఎక్స్‌పోజర్‌ను నమ్మకండి. ముదురు ఒళ్లు, ముదురు బ్యాక్‌గ్రౌండ్ ఉన్న బొమ్మను కెమెరా చీకటి అనుకుని తెల్లబరుస్తుంది. లోతైన నీడలన్నీ పాలిపోతాయి. గ్రే కార్డు (కొలతకు వాడే బూడిద రంగు అట్ట) పెట్టి మాన్యువల్‌లో ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ రెండూ దాన్నిబట్టే ఖాయం చేయాలి. పట్టుచీరలున్న బొమ్మలకు ఇంకో గొడవ ఉంది. కుంకుమ ఎరుపు, మెరూన్ లాంటి నిండు రంగుల్లో ఎరుపు చానల్ ముందుగా నిండిపోతుంది. మడతలన్నీ కలిసిపోయి ఒకే ఎర్రటి ముద్దగా కనిపిస్తుంది. ఎక్స్‌పోజర్‌ను అర స్టాప్ నుంచి ముప్పావు స్టాప్ దాకా తగ్గించి తీసి, తర్వాత ఎడిటింగ్‌లో మిగతా రంగుల్ని పైకి తెచ్చుకుంటే మడతలు నిలుస్తాయి. వార్నిష్ మెరుపు తీసేయడానికి లైట్ల మీద పోలరైజింగ్ ఫిల్మ్, లెన్స్‌కు సర్క్యులర్ పోలరైజర్ పెట్టి అడ్డంగా తిప్పుతారు. మెరుపు మాయమవుతుంది. జరీ అంచుకు నిజమైన గోల్డ్ లీఫ్ వాడి ఉంటే మాత్రం పూర్తిగా తిప్పకూడదు. లోహానికి ఉన్నదే మెరుపు కాబట్టి అది తీసేస్తే బంగారం నల్లబడుతుంది. కొంచెం మెరుపు మిగిలేలా ఆపాలి.

ఫ్రేమ్ కనబడకుండా కత్తిరించి, ఎస్‌ఆర్‌జీబీ రంగుల్లో జేపెగ్‌గా దాచుకోండి. పిక్సెళ్ల కొలత పోటీని బట్టి మారుతుంది కాబట్టి పెద్ద ఫైలు ఒకటి అసలుగా ఉంచుకుని, దాన్నుంచి చిన్నవి చేసుకోవాలి. రంగులు ‘ఇంకా బాగుండేలా’ పెంచకండి. ఫైనల్‌కు అసలు బొమ్మ వెళ్లినప్పుడు ఫోటోకు, దానికి పొంతన లేకపోతే జ్యూరీ ముందు పరువు పోతుంది. ఏఐతో చేసినవాటిని ఇలాంటి పోటీలు సాధారణంగా రానివ్వవు. అందుకని స్కెచ్‌లు, మధ్య దశల ఫోటోలు, సిట్టింగ్ తేదీలు దాచిపెట్టడం అలవాటు చేసుకోండి. అనుమానం వస్తే అవే సాక్ష్యం.

ఫారంలో స్టేట్‌మెంట్ అని వంద నూట యాభై మాటల చోటు ఇస్తారు. అక్కడ ‘సమాజంలోని స్త్రీ అంతరంగ వేదనకు నా కుంచె ప్రతిరూపం’ లాంటివి రాస్తే చదివే మనిషి ఆవులిస్తాడు. ముందు తెలుగులో రాసుకుని తర్వాత మార్చుకోండి. ఉదాహరణకు: ‘ఈమె మా వీధిలో ఇస్త్రీ బండి నడుపుతుంది. బొగ్గుల పెట్టె మోసే కుడి భుజం ఎడమ భుజం కంటే కిందికి ఉంటుంది. బండి దగ్గరే, పొద్దున ఏడు నుంచి ఎనిమిదిన్నర లోపు, నాలుగు సిట్టింగుల్లో వేశాను. వెలుగు కింద కాలే బొగ్గుల నుంచి వస్తోంది.’ బొమ్మలో ఎక్కడ చూడాలో దీంతో తెలుస్తుంది. ఆ మనిషి దగ్గర సంతకంతో ఒప్పుకోలు కాగితం తీసుకోండి, తెలుగులోనే ఉన్నా ఫర్వాలేదు. పిల్లలైతే తల్లిదండ్రుల సంతకం. కూర్చున్నందుకు కూలి ఇవ్వండి, ఎందుకంటే ఆ గంటల్లో ఆమె బండి ఆగిపోతుంది.

ఎంట్రీ ఫీజు బొమ్మకు ఇంత అని ఉంటుంది, ఎంపిక కాకపోయినా తిరిగి రాదు. కార్డులో అంతర్జాతీయ లావాదేవీలు ముందే ఆన్ చేసుకోవాలి, బ్యాంకు మార్కప్ చాలా కార్డులకు 3.5 శాతం దాకా పడుతుంది. చివరి రోజు రాత్రి కట్టబోతే ఓటీపీ రాక గడువు దాటిపోవడం మామూలే, పైగా గడువు వాళ్ల దేశం టైము ప్రకారం ఉంటుంది. మీరు ఎంట్రీ పంపకుండానే ‘మీ బొమ్మ ఎంపికైంది, సర్టిఫికెట్‌కు ఇంత కట్టండి’ అని మెయిల్ వస్తే చదవకుండా తీసేయండి. జ్యూరీ పేర్లు లేవు, గోడమీద ప్రదర్శన లేదు, కట్టినవాళ్లందరూ ‘ఫైనలిస్టులే’ అంటే అది పోటీ కాదు, వ్యాపారం.

పంపడం, తిరిగి తెప్పించుకోవడం

ఫైనల్‌కు వచ్చారంటే అసలు ఖర్చు ఇప్పుడే మొదలు. పల్చగా వేసిన కాన్వాస్‌ను చుట్టి పంపొచ్చు. రంగు ఉన్న వైపు బయటికి ఉండేలా, 10 నుంచి 15 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గొట్టం మీద చుట్టాలి. రంగు లోపలికి పెట్టి చుడితే పొర నలిగి పగుళ్లిస్తుంది. రంగుకు ఆనేలా గ్లాసిన్ (నున్నటి, అంటుకోని పల్చటి కాగితం) లేదా సిలికాన్ కాగితం వేయాలి. బబుల్ రాప్ నేరుగా వేస్తే ఎండలో గుండ్రటి అచ్చులు పడతాయి, పోవు. యాక్రిలిక్ ఎండలో జిగురవుతుంది, చలిలో పెళుసవుతుంది. జనవరిలో లండన్‌లో విప్పాల్సిన యాక్రిలిక్ చుట్టను గదిలో ఒక రోజు ఉంచి వెచ్చబడ్డాకే విప్పమని డబ్బామీద రాయండి. ఇంపాస్టో, అంటే రంగు మందంగా గట్లు కట్టేలా వేసినదాన్ని చుట్టే మాటే లేదు.

ఫ్రేమ్‌తో పంపితే ప్లైవుడ్ పెట్టె చేయించండి, లోపల అన్ని వైపులా 5 సెంటీమీటర్ల ఫోమ్. మేకులు కాదు, స్క్రూలు. అదే పెట్టెలో వాళ్లు తిరిగి సర్దాలి కాబట్టి సర్దే వరుసను ఫోటోలు తీసి మూతకు లోపల అంటించండి. మామూలు చెక్క వాడితే దానికి ఐఎస్‌పీఎం 15 ముద్ర ఉండాలి, అంటే చెక్క లోపలి దాకా 56 డిగ్రీల్లో 30 నిమిషాలు వేడి చేసినట్టు గుర్తు. ముద్ర లేని చెక్కను చాలా దేశాల పోర్టుల్లో ఆపేస్తారు. ప్లైవుడ్‌కు ఆ గొడవ లేదు. డ్రాయింగ్‌లకు గాజు బదులు యాక్రిలిక్ షీటు అడుగుతారు. బొగ్గు, పేస్టెల్ పనికి మాత్రం మామూలు యాక్రిలిక్ స్థిరవిద్యుత్తుతో పొడిని లాగేసుకుంటుంది. యాంటీ స్టాటిక్ రకం కొనండి.

కస్టమ్స్‌లో చేత్తో వేసిన పెయింటింగులు, డ్రాయింగులు 9701 శీర్షిక కిందకు వస్తాయి. ఇన్వాయిస్ మీద ‘ప్రదర్శన కోసం, అమ్మకానికి కాదు, తిరిగి వస్తుంది’ అని స్పష్టంగా రాయండి. ఇన్వాయిస్ విలువ, ఇన్సూరెన్స్ విలువ, ఎంట్రీ ఫారంలో రాసిన ధర మూడూ ఒకటే ఉండాలి. ఒకచోట రెండు లక్షలు, ఒకచోట ఇరవై వేలు అని ఉంటే కస్టమ్స్‌లో అనుమానం, క్లెయిమ్‌లో తిరస్కారం. ఎక్కువ బొమ్మలు ఒకేసారి పోతుంటే వ్యాపార సంఘాల సమాఖ్య ఫిక్కీ ఇచ్చే ఏటీఏ కార్నే (తాత్కాలికంగా పంపే సరుకుకు సుంకం లేకుండా చేసే పత్రం) గురించి అడగొచ్చు. ఒక్క బొమ్మకైతే ఎక్స్‌పోర్ట్ షిప్పింగ్ బిల్లు కాపీ జాగ్రత్త. అది లేకుండా బొమ్మ తిరిగొస్తే దిగుమతి సరుకనుకుని మీ బొమ్మకే మీచేత సుంకం కట్టించుకుంటారు. వెళ్లింది, వచ్చింది ఒకటే అని చూపడానికి పంపే ముందు బొమ్మ ముందు వైపు, వెనక వైపు, స్ట్రెచర్ (కాన్వాస్ బిగించే చెక్క చట్రం) మీది సంతకం ఫోటోలు తీసి పెట్టుకోండి.

తిరిగొచ్చిన పెట్టెను విప్పే ముందు అన్ని వైపులా ఫోటో తీయండి, మూలలు నొక్కుకుపోయి ఉంటే డెలివరీ కాగితం మీద ‘దెబ్బతింది’ అని రాసి గానీ సంతకం పెట్టకండి. తర్వాత పెట్టెను గదిలో ఒక రోజు మూసి ఉంచి, మర్నాడు విప్పండి. దెబ్బ కనిపిస్తే ఫోమ్, పెట్టె పారేయకుండా ఉంచి, అదే రోజు ఇన్సూరెన్స్‌కు మెయిల్ పెట్టాలి, ఎందుకంటే క్లెయిమ్‌కు గడువు రోజుల్లోనే ఉంటుంది.